మొటిమలకు కూడా కేసు పెట్టొచ్చా?

పిల్లాడికి జ్వరమొస్తే అర్ధరాత్రయినా ఆటో మాట్లాడుకుని పోతాం. పాము కరిస్తే ఊరంతా కదులుతుంది. మరి పదో తరగతి పిల్ల ముఖం నిండా చీము మొటిమలు లేస్తే? తొమ్మిదో తరగతి పిల్లాడికి తొడల మీద తామర పాకుతుంటే? "వయసు పొంగు, అదే పోతుందిలే", "వేడి చేసింది, మజ్జిగ తాగు", "మిరప కోతలయ్యాక చూద్దాం"... మన ఇళ్లలో వినపడే మాటలు ఇవే. ఎవరినీ తప్పు పట్టలేం. కూలి పోతే ఆ పూట గడవని ఇళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ప్రాణం మీదికి రాని జబ్బుకు, అందులోనూ చర్మానికి సంబంధించిన జబ్బుకు, వైద్యం చేయించాల్సిన బాధ్యత చట్టం ప్రకారం తల్లిదండ్రులకు ఉందా? లేక అది వాళ్ల ఇష్టమా?

నేను ఖమ్మంలో ప్రాక్టీసు చేస్తున్న లాయర్ని. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా సుమారు 120 కిలోమీటర్ల దారిలో, ఆ దారి దాటాక చర్ల, దుమ్ముగూడెం వైపు పల్లెల్లో జరిగే న్యాయ విజ్ఞాన సదస్సులకు వెళ్తుంటాను. అక్కడ భూమి పట్టా గురించి అడుగుతారు, పోడు గురించి అడుగుతారు, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని చెప్తారు. ఒకసారి దుమ్ముగూడెం మండలంలో ఒకావిడ లేచి అడిగింది: "సారూ, మొటిమలకు కూడా కేసు పెట్టొచ్చా?"

టెంటు కింద ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

తిండికి ఇస్తున్నా కదా!

ఆవిడ కథ చిన్నదే. భర్త వదిలేసి నాలుగేళ్లయింది. మణుగూరు వైపు కాంట్రాక్టు పని చేసుకుంటున్నాడు. పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం నెలకు ఇంత అని తిండి ఖర్చు పంపుతున్నాడు. కూతురికి పదిహేనేళ్లు. ఏడాదిగా బుగ్గల మీద, గడ్డం కింద గట్టి గడ్డల్లాంటి మొటిమలు. తగ్గినచోట గుంట పడుతోంది. పిల్ల బడికి చున్నీ కప్పుకుని పోతోంది, ఫొటో దిగమంటే ఏడుస్తోంది. ఖమ్మంలో స్కిన్ డాక్టరుకు చూపిస్తే కొన్ని నెలలు మందులు వాడాలి, మధ్యమధ్యలో వచ్చి చూపించాలి అన్నారట. ఆ ఖర్చు అడిగితే అతను ఫోనులో అన్నమాట: "తిండికి ఇస్తున్నా కదా, ముఖానికి కూడా నేనే పెట్టాలా?"

నవ్వినవాళ్లలో ఒక పెద్దాయన కూడా, "అదీ నిజమే కదండీ, మొటిమలు ఎవరికి రాలేదు?" అన్నాడు. ఆయన మాటలో సగం నిజముంది. ప్రపంచమంతా కలిపి చూస్తే 12 నుంచి 24 ఏళ్ల మధ్య వయసువాళ్లలో దాదాపు 85 శాతం మందికి ఎంతో కొంత మొటిమలు వస్తాయని చర్మవైద్యుల పుస్తకాలు చెప్తాయి. ఎక్కువమందికి వాటంతటవే తగ్గిపోతాయి. కానీ లోతుగా లేచే గడ్డ మొటిమలు మచ్చలు, గుంటలు వదిలిపోతాయి. సకాలంలో మందు వాడితే ఆ గుంటలను చాలావరకు ఆపొచ్చు. పడిపోయాక పూర్తిగా పూడ్చడం కష్టం. వయసుతో పోయేది మొటిమే. గుంట పోదు.

చట్టంలో "అర్జెంటు" అనే మాట లేదు

ముందుగా హిందూ కుటుంబాల సంగతి. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షను ప్రకారం పిల్లల్ని పోషించాల్సిన బాధ్యత తండ్రికీ ఉంది, తల్లికీ ఉంది. పెళ్లి లేకుండా పుట్టిన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. పోషణ అంటే ఏమిటో అదే చట్టం 3వ సెక్షను చెప్తుంది: తిండి, బట్ట, ఉండడానికి చోటు, చదువు, వైద్య పరిచర్య, చికిత్స. ఇవన్నీ ఒకే వరసలో ఉన్నాయి. చికిత్స పక్కన "అత్యవసరమైతేనే" అని ఎక్కడా రాయలేదు. అన్నం పెడుతున్నా కాబట్టి మందు కొననక్కర్లేదు అనడానికి ఈ నిర్వచనంలో చోటు లేదు.

అయితే మన ప్రాంతానికి సంబంధించి ఒక పెద్ద మెలిక ఉంది. ఈ చట్టం 2వ సెక్షనులోనే, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఇది షెడ్యూల్డు తెగలకు వర్తించదని రాసి ఉంది. అంటే ఖమ్మం బజారులో బట్టల కొట్టు నడిపే కుటుంబానికి ఒక దారి, దుమ్ముగూడెం కోయ కుటుంబానికో, ఇల్లెందు వైపు లంబాడా తండాకో ఇంకో దారి. ఆ సదస్సులో లేచి అడిగినావిడ కోయ మహిళ. ఆవిడకు ఈ చట్టం చూపించి లాభం లేదు.

మరి ఆవిడకు దారి లేదా? ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షను అందరూ వినే ఉంటారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను వచ్చింది. దీనికి కులం, మతం, తెగ అడ్డు కావు. స్తోమత ఉండి కూడా బిడ్డను పోషించకుండా నిర్లక్ష్యం చేసినా, నిరాకరించినా నెలనెలా ఇంత ఇవ్వాలని మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అది చూస్తుంది. ముస్లిం కుటుంబాల పిల్లలకూ ఈ హక్కు ఉందని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక వైద్యం ఖర్చు మాటకొస్తే, 2020 నవంబరు 4న రజనీశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు మనోవర్తి ఎలా లెక్కకట్టాలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. బిడ్డ ఖర్చుల్లో తిండి, బట్టలు, ఇల్లు, చదువుతోపాటు వైద్యం ఖర్చు కూడా కలుస్తుందని అందులో ఉంది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని కూడా అదే తీర్పు చెప్పింది. "నాకేం లేదు" అని నోటిమాటగా తప్పించుకోవడం ఇప్పుడు అంత తేలిక కాదు.

అందుకే ఆ తల్లికి చెప్పాను: "మొటిమల మీద విడిగా కేసు అంటూ ఉండదమ్మా. కానీ పాప పోషణ కింద పెట్టే దరఖాస్తులో ఈ వైద్యం ఖర్చు కూడా రాయించొచ్చు. డాక్టరు చీటీ, బిల్లులు జాగ్రత్తగా పెట్టుకో." కేసు తేలేలోగా మధ్యంతర మనోవర్తి అడగొచ్చు. అవతలివాళ్లకు నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. ఆర్డరు వచ్చాక సరైన కారణం లేకుండా డబ్బు ఎగ్గొడితే, ఒక్కో నెల బకాయికి నెలరోజుల దాకా జైలు వేసే అధికారం కోర్టుకుంది.

జబ్బా? సోకా?

అంటే పిల్లలు ఏది అడిగితే అది చేయించాలా? పెళ్లి ఫొటోల కోసం తెల్లబడే లేజరు సిట్టింగులు, ఫోనులో చూసిన ఖరీదైన సీరమ్‌లు, ఫేషియళ్లు, ఇవన్నీ కొనివ్వాలా? అక్కర్లేదు. కోర్టు మనోవర్తి లెక్కకట్టేటప్పుడు బిడ్డ సహేతుకమైన అవసరాలు చూస్తుంది, కుటుంబం స్తోమత చూస్తుంది. కోరికలన్నీ అవసరాలు కావు.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు గీత ఎక్కడుందో చెప్పడానికి మూడు ప్రశ్నలు అడుగుతాను. ఒకటి, డాక్టరు దీన్ని జబ్బు అన్నారా? రెండు, చికిత్స చేయించే స్తోమతగానీ, ఉచితంగా దొరికే దారిగానీ ఉందా? మూడు, విషయం తెలిసీ వదిలేశారా?

మొదటిదానికి కొన్ని ఉదాహరణలు. నుదుటి మీద నాలుగు మొటిమలు వస్తే సబ్బుతో కడుక్కోవడం, గిల్లకుండా ఉండడం, డాక్టరు చెప్తే ఒక జెల్ రాయడం చాలు. గుంటలు పడే మొటిమలు జబ్బు. తామర జబ్బు, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. గజ్జి జబ్బు. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని ఎగ్జిమా జబ్బు. బొల్లి ప్రాణం తీయదు, కానీ చికిత్స ఉన్న పరిస్థితే. మేనిఛాయ నలుపు మాత్రం జబ్బు కాదు. దానికి "చికిత్స" చేయించమని ఏ చట్టమూ అడగదు.

"అర్జెంటు కాదు" అంటే "ఎప్పుడైనా చేయించొచ్చు" అని చాలామంది అర్థం చేసుకుంటారు. చర్మం విషయంలో ఇది ప్రమాదం. గజ్జినే తీసుకోండి. గోకి గోకి పుండ్లు పడితే అందులో స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి చేరొచ్చు. కొందరు పిల్లల్లో దానివల్ల కొన్ని వారాల తర్వాత కిడ్నీలు వాస్తాయి, మూత్రం ఎర్రగా వస్తుంది, ముఖం ఉబ్బుతుంది. రెండు వారాల మందుతో తగ్గేది అక్కడిదాకా వెళ్తుంది.

పాలిపోయిన మచ్చ ఇంకొక ఉదాహరణ. చర్మం మీద రంగు తగ్గిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా, వేడి తగిలినా తెలియకపోతే అది కుష్టు కావచ్చు. నొప్పి ఉండదు, దురద ఉండదు. కాబట్టి ఎవరూ తొందరపడరు. దానికి బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ దవాఖానల్లో పూర్తిగా ఉచితం. రకాన్నిబట్టి 6 నెలలు లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని వేళ్లు వంకర పోతాయి. "బయటికి తెలిస్తే పెళ్లి కాదు" అనే భయంతో దాచే తల్లిదండ్రులకు నేనొక మాట చెప్తాను. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో పార్లమెంటు 5 చట్టాల నుంచి తీసేసింది. నయమయ్యే జబ్బు కాబట్టే తీసేసింది. చట్టం వదిలేసిన భయాన్ని మనం మోయడం దేనికి?

ఇద్దరూ కలిసే ఉన్నారు, అయినా చూపించలేదు

విడిపోయిన కుటుంబాల్లో మనోవర్తి కేసు ఒక దారి. అమ్మానాన్న ఇద్దరూ ఇంట్లోనే ఉండి, బిడ్డను డాక్టరుకు చూపించకపోతే ఏమిటి? ఇక్కడ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షను వస్తుంది. బిడ్డ ఎవరి చేతికింద ఉందో వాళ్లు కావాలని నిర్లక్ష్యం చేసి, దానివల్ల బిడ్డకు అనవసరమైన శారీరక లేదా మానసిక బాధ కలిగేలా చేస్తే నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ.

చదవగానే భయం వేస్తుంది కదా! కానీ ఇందులో బరువున్న మాట "కావాలని". తునికాకు సీజనులో పొద్దున్నే అడవికి పోయి సాయంత్రం వచ్చే తల్లి, బస్సు చార్జీలు లేక వచ్చే వారానికి వాయిదా వేసే తండ్రి, తెలియక పసుపు రాసే నాయనమ్మ... వీళ్లెవరూ కావాలని చేసినవాళ్లు కారు. నాలుగు మొటిమలకు అమ్మానాన్నల్ని జైలుకు పంపాలన్నది ఈ సెక్షను ఉద్దేశం కాదు.

అటు చివర చూడండి. డబ్బుంది, దవాఖాన దగ్గరలో ఉంది, డాక్టరు ఒకసారి చూసి చికిత్స కావాలని రాశాడు. పిల్ల రాత్రంతా గోక్కుంటూ ఏడుస్తోంది. అయినా "ఆడపిల్లకు ఇంత ఖర్చా" అని నెలల తరబడి వదిలేశారు. అప్పుడు ఆ మాట వర్తించే అవకాశం ఉంది. అలాంటప్పుడు కూడా మొదటి మెట్టు పోలీస్ స్టేషను కానక్కర్లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి బిడ్డే స్వయంగా ఫోను చేయొచ్చు, టీచరు చేయొచ్చు, పక్కింటివాళ్లు చేయొచ్చు. బాలల సంక్షేమ సమితి ముందు విషయం పెట్టొచ్చు. తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడి, వైద్యం అందేలా చూడడం అక్కడ జరగాల్సిన పని. చాలా ఇళ్లలో ఆ ఒక్క పిలుపే సరిపోతుంది.

హాస్టల్లో గజ్జి వస్తే ఎవరిది బాధ్యత?

మన దగ్గర ఈ ప్రశ్న మిగతా జిల్లాలకంటే ఎక్కువ. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదివే పిల్లలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంటికి దూరంగానే ఉంటారు. సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చిన కొడుకు వేళ్ల సందుల్లో గజ్జి చూసి ఒక తండ్రి నన్నడిగాడు: "హాస్టల్లో వేసినంక వాళ్లే చూసుకోవాలి గదా సారూ?"

ఇద్దరి బాధ్యతా ఉంటుంది. హాస్టల్లో వేసినంత మాత్రాన తల్లిదండ్రుల బాధ్యత పోదు. అదే సమయంలో, 75వ సెక్షను మాట్లాడేది కన్నవాళ్ల గురించే కాదు, బిడ్డ వాస్తవంగా ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లందరి గురించి. బిడ్డ సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లో, దాన్ని నడిపేవాళ్లో ఈ నేరం చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ: ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, ఐదు లక్షల దాకా జరిమానా.

శిక్షల మాట అలా ఉంచి, గజ్జి తత్వం తెలిస్తే బాధ్యత ఎందుకు పంచుకోవాలో అర్థమవుతుంది. ఒక్క పిల్లాడికి మందు రాసి, పక్కన పడుకునే నలుగురిని వదిలేస్తే వారంలో మళ్లీ మొదటికొస్తుంది. గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకే రోజు, మెడ నుంచి అరికాళ్ల దాకా పెర్మెత్రిన్ మందు రాయాలి. డాక్టరు చెప్పినట్టు వారం తర్వాత మళ్లీ రాయాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లాడితోపాటు ఇంట్లోవాళ్లూ అదే రోజు రాసుకోవాలి. ఇందులో సగం పని హాస్టల్లోనే జరగాలి, సగం ఇంట్లోనే జరగాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు పలు రకాల సమస్యల కోసం పరీక్షలు చేస్తారు. వాటిలో చర్మవ్యాధులు కూడా ఉన్నాయి: గజ్జి, ఫంగస్, ఎగ్జిమా. సంచార వైద్య బృందాలు ఏడాదికి ఒకసారైనా ప్రభుత్వ బడులకు రావాలి. సమస్య కనపడితే పై ఆసుపత్రికి ఉచితంగా పంపాలి. హాస్టల్లో పిల్లల్ని చూడ్డానికి వెళ్లినప్పుడు, "ఈ ఏడాది టీమ్ ఎప్పుడొచ్చింది? మావాడి కార్డులో ఏం రాశారు?" అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

చేయించకపోవడం ఒక తప్పు, చేయకూడనిది చేయడం ఇంకో తప్పు

బాధ్యత అంటే ఏదో ఒకటి రాసేయడం అనుకుంటే ఇంకో గోతిలో పడతాం. ఖమ్మంలో తెలిసినవాళ్ల అమ్మాయి ఒకామె, ఇంటర్ చదువుతోంది. చామనఛాయ. "సంబంధాలు చూసే వయసొస్తోంది" అని మేనత్త మెడికల్ షాపులో ఒక ట్యూబు కొనిచ్చింది. మొదటి నెల ముఖం మెరిసిపోయింది. ఆర్నెల్లకు ఎర్రగా కందిపోయి, ఎండలోకి వస్తే మంట, బుగ్గల మీద నూగు, మానేస్తే గుంపులుగా మొటిమలు. డాక్టరు ట్యూబు తిప్పి చూసి చెప్పిన మాట ఒక్కటే: స్టెరాయిడ్.

ఈ సమస్య ఎంత ముదిరిందంటే, చర్మవైద్యుల జాతీయ సంఘం దీని మీద ప్రత్యేకంగా పోరాడాల్సి వచ్చింది. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. తామరకు కూడా ఇదే ముప్పు. స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే దురద రెండు రోజుల్లో పోతుంది. ఫంగస్ మాత్రం కిందకిందే పాకుతుంది. ఆకారం మారిపోయి డాక్టర్లే గుర్తుపట్టడం కష్టమవుతుంది. అసలు మందు వారాల తరబడి వాడాల్సి వస్తుంది.

సంతల్లో, ఫోనులో అమ్మే పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములది ఇంకా ఘోరం. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం కంటి చుట్టూ వాడేవి తప్ప మిగతా సౌందర్య సాధనాల్లో పాదరసం పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు. అది కూడా అనుకోకుండా చేరినదే అయ్యుండాలి. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలించారు. వాళ్లలో 15 మందిది ఆ జబ్బులో అరుదైన రకం. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. ముఖానికి రాసింది మూత్రపిండాల దాకా వెళ్లిందన్నమాట.

చట్టం అడిగేది బిడ్డ మేలు. పిల్ల వద్దంటున్నా నలుపు పోవాలని రోజూ ఇలాంటి క్రీము పూయించడం మేలు కిందికి రాదు.

సంతకం ఎవరిది, మాట ఎవరిది?

పదహారేళ్ల పిల్ల తనే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చా? 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 నిండితేనే మేజర్. పన్నెండేళ్లలోపు బిడ్డ ఇచ్చే సమ్మతి క్రిమినల్ చట్టం దృష్టిలో సమ్మతే కాదు. ఆ వయసులో సంరక్షకులే ఒప్పుకోవాలి. భారతీయ న్యాయ సంహిత 27, 28 సెక్షన్లు చెప్పేది ఇదే. 12కీ 18కీ మధ్య వయసుకు వైద్య సమ్మతి మీద మనకు ప్రత్యేకమైన చట్టం లేదు. అందుకే డాక్టర్లు మామూలు పరీక్ష చేసినా, ఇంజెక్షను, లేజరు, ఘాటైన మాత్రలు అనేసరికి పెద్దవాళ్లు రావాలంటారు. అది న్యాయమే. గడ్డ మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు గర్భం ఉన్నప్పుడు వాడితే కడుపులో బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. అలాంటి మందు చెల్లెలికి పనిచేసిందని అక్కకు పెట్టేది కాదు.

ఇంకో సందేహం తరచూ వస్తుంది. తండ్రి దూరంగా ఉంటే తల్లి సంతకం చెల్లుతుందా? చెల్లుతుంది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో "తండ్రి, ఆయన తర్వాత తల్లి" అని ఉన్న మాటకు 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. "తర్వాత" అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, ఆయన బిడ్డను పట్టించుకోనప్పుడు కూడా. ఈ చట్టం కూడా షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కానీ బిడ్డను దగ్గర పెట్టుకుని పెంచుతున్న తల్లి వెంట వస్తే మామూలుగా ఏ డాక్టరూ వెనక్కి పంపరు.

సంతకం మీదే అయినా, ముఖం వాళ్లది. డాక్టరు ముందు పిల్లల్నే మాట్లాడనివ్వండి. తొడల మధ్య తామర ఉందని అమ్మ ముందు చెప్పలేని పిల్లాడు డాక్టరుకు ఒంటరిగా చెప్తాడు. మొటిమల వల్ల కుంగిపోయి బడి మానేయాలనుకుంటున్న పిల్ల కూడా అంతే. అలాంటి దిగులు కనిపిస్తే దాన్నీ జబ్బులో భాగంగానే చూడాలి.

అడవి అంచున ఉన్నవాళ్లు ఏం చేయాలి?

2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, భద్రాచలం పట్టణం దాటగానే రాష్ట్రం మారిపోతుంది. ఎటపాకవాళ్లు ఆంధ్ర, భద్రాచలంవాళ్లు తెలంగాణ. "మా కేసు ఏ రాష్ట్రంలో వేయాలి?" అని అడిగేవాళ్లు ఉన్నారు. పైన చెప్పినవన్నీ కేంద్ర చట్టాలు, రెండువైపులా ఒక్కటే. మనోవర్తి దరఖాస్తు అతను ఉన్నచోటే వేయాలని లేదు. భార్య నివసించేచోట కూడా వేయొచ్చు. భర్త గట్టుకు ఆవల ఉన్నాడని ఊరుకోనక్కర్లేదు.

లాయరు ఫీజు భయం కూడా వద్దు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. 15100కి ఫోను చేయండి. లేదా దగ్గర్లోని కోర్టులో ఉండే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి.

కోర్టుకంటే ముందు చేయాల్సిన పనులు ఇంట్లోనే ఉన్నాయి. చర్మం మీద మచ్చగానీ, దురదగానీ రెండు వారాలు దాటితే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు చూపించండి. అక్కడి నుంచి పీహెచ్‌సీకి, అవసరమైతే పెద్దాసుపత్రికి రాయించుకోండి. చీటీలు, బిల్లులు ఒక కవరులో దాచండి. నెలకోసారి పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసి పెట్టండి. తగ్గుతోందో పెరుగుతోందో డాక్టరుకు తెలుస్తుంది. రేపు కేసు వేయాల్సి వస్తే పనికొస్తుంది. మొటిమల మందు ఆరు నుంచి ఎనిమిది వారాలకుగానీ పని చూపించదు. పది రోజులకే మానేసి ఇంకో డాక్టరును వెతకొద్దు. చీటీ లేకుండా ఏ ట్యూబూ కొనొద్దు, ఆర్ఎంపీ ఇచ్చినా సరే పేరు చదివించుకోండి.

స్తోమత లేకపోతే చట్టం మిమ్మల్ని దోషిగా చూడదు. అందుకే ఉచిత దారులు పెట్టింది. స్తోమత ఉన్న తండ్రి మాత్రం "తిండికి ఇస్తున్నా కదా" అని తప్పుకోలేడు. తిండి, బట్ట, చదువు పక్కనే వైద్యం కూడా రాసి ఉంది. ఈసారి మీ పిల్ల అద్దం ముందు ఎక్కువసేపు నిలబడితే కసరకండి. ఎందుకు నిలబడిందో ఒకసారి అడగండి.